మర్యాద పాఠం

ఉన్నత పాఠశాలల్లో ఉదయం పూట పిల్లలు వరసలు కట్టి, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చెబుతారు. దాన్ని రాసింది ఒక తెలుగువాడన్న సంగతి ఇప్పటికైనా మనలో చాలామందికి తెలిసిందనుకుంటాను. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా వుండగా 1962లో దాన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవవల్ల అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి వెళ్ళింది. 1963లో విశాఖపట్నంలోని ఒక పాఠశాలలో పిల్లలచేత మొదటిసారి చదివించారు. 1964లో యం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగుళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా సంఘం సమావేశం దీన్ని దేశంలోని బడులన్నిటా చెప్పించాలన్నది. 1965 జనవరి 26 నుంచి అది అమలులోకి వచ్చింది. చాలాకాలం పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ప్రతిజ్ఞ వుండేదిగాని, రాసిన మనిషి పేరు వుండేది కాదు. అందరినీ మర్యాదగా చూడాలని పిల్లలకు చెప్పే వాక్యాలు రాసినవాడికి మనం చూపించిన మర్యాద ఆపాటిది.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక నాకు మాటల పిచ్చి వుంది. ఆ ప్రతిజ్ఞలో మూడు రకాల వాళ్ళకు మూడు మాటలు కేటాయించబడి వున్నాయి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు – వీళ్ళకు గౌరవం. తక్కిన మనుషులందరికీ మర్యాద. జంతువులకు దయ. ఇందులో రచయిత తప్పేమీ లేదు. ఆయన తెలుగు నుడికారాన్ని ఉన్నదున్నట్టు పాటించాడు. గౌరవం అనేది గురు శబ్దం నుంచి వచ్చింది. గురువు అంటే బరువు గలది. మనకంటె బరువైనదాని ముందు మనం వంగుతాం. మర్యాద అంటే సంస్కృతంలో అసలు అర్థం హద్దు, పొలిమేర. ఎవరి గట్టుమీద వాళ్ళు వుండడం మర్యాద. గట్టు దాటితే మర్యాద తప్పడం. ఇక దయ సంగతి చెప్పనక్కరలేదు, అది పైనుంచి కిందికి జారుతుంది. పైకి పోయే మాట ఒకటి, కిందికి వచ్చే మాట ఒకటి, మధ్యలో గట్టు ఒకటి. ఇద్దరు మనుషుల మధ్య అటూ ఇటూ సమానంగా తిరిగే మాట ఈ మూడింటిలోనూ లేదు. అందుకే మనం 'పరస్పర గౌరవం' అని ఒక సమాసం కూర్చుకోవలసి వచ్చింది. సమాసం కూర్చుకున్నంత సులభంగా ఆ వస్తువు దొరకదు. దాన్ని బడిలో పాఠంగా చెప్పడం సాధ్యమేనా అన్నదే ఇక్కడ ప్రశ్న.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కాలేజీ ఉద్యోగం దొరకకముందు, 2016-17 విద్యా సంవత్సరంలో, తెలంగాణలో ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో విద్యా వలంటీరుగా పనిచేశాను. బడి పేరు అనవసరం, అటువంటి బడులు అనేకం. టైంటేబులులో వారానికొక పీరియడు 'విలువల విద్య' అని వుండేది. లెక్కల సారు దాన్ని ముట్టుకోడు, సైన్సు టీచరు ముట్టుకోదు. నీతి అంటే పద్యం, పద్యం అంటే తెలుగు సారు. అంచేత అది నా వాటాకు వచ్చింది. మన నీతి శతకాలు తిరగేస్తే వాటిలో పరస్పర గౌరవం కంటె బతకనేర్చే తెలివి యెక్కువగా కనిపిస్తుంది. ఎవరిని నమ్మగూడదు, ఎవరికి దూరంగా వుండాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి – ఇదే సింహభాగం. అయినా ఆ పద్యాలు పక్కనపెట్టి, నేను నా శక్తికొద్దీ సమానత్వం గురించి, రాజ్యాంగం గురించి చెప్పాను. అంబేద్కరు బడిలో చదివేటప్పుడు విడిగా గోనెపట్టా మీద కూర్చోవలసి వచ్చిన సంగతీ, దాహమైతే బంట్రోతు వచ్చి నీళ్ళు పోసేదాకా ఆగవలసి వచ్చిన సంగతీ చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. తరవాత తొమ్మిదో తరగతి వాళ్ళను 'పరస్పర గౌరవం' గురించి ఒక పేజీ రాసుకురమ్మన్నాను. అందరూ రాసుకువచ్చారు, అందరూ బాగా రాశారు. నాకు అప్పుడే అనుమానం తగలవలసింది. దాదాపు అందరికీ పదికి ఎనిమిది వేశాను.

ఆ తరగతిలో ఒక అబ్బాయి తల్లి బడి మరుగుదొడ్లు కడిగేది. ఆ పనికి కాగితాల మీద 'స్కావెంజర్' అని పేరు. మనిషికి కూడా ఒక పేరు వుండేదిగాని, స్టాఫ్ రూములో దాని అవసరం అంతగా పడేది కాదు. "అది వచ్చిందా?" "దాన్ని పిలువు." "దానికి చెప్పినా చెవికెక్కదు." ఆమె వయస్సు నలభై దాటింది. ఇరవయ్యారేళ్ళ నన్ను ఆమె 'సార్' అనేది. నేను ఆమెను 'నువ్వు' అనేవాణ్ణి. 'అది' అనేవాణ్ణి కాదని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు, కాని అన్నవాళ్ళను నేను ఎన్నడూ వారించలేదు.

వ్యాసాలు దిద్ది ఇచ్చిన వారానికి, మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పిల్లవాడు ప్లేటులోది కింద వొలకబోశాడు. ఎవరో ఎత్తమంటే, "అది ఉన్నదిగద, వచ్చి ఎత్తుతది" అన్నాడు. ఆ అబ్బాయి వాణ్ణి కొట్టాడు. పెదవి చిట్లింది. రక్తం కనపడ్డది గనక విషయం స్టాఫ్ రూముకు వచ్చింది. అక్కడ తీర్పుకు అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ అబ్బాయికి మర్యాద తెలియదు, మర్నాడు అసెంబ్లీలో అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. మర్నాడు ప్రతిజ్ఞ అయిపోయింది. వాడు ముందుకు వచ్చి, నేర్పిన మాటలు నేర్పినట్టే చెప్పి, తన వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. తన్నులు తిన్నవాడు వరసలోనే వున్నాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. వాడికి ఆ మాట నేర్పినవాళ్ళం మేము వరండాలో నిలబడి వున్నాము. తల్లి ఆ సమయంలో బావి వెనక వుందో, గేటు దగ్గర వుందో నాకు తెలియదు. చూడడానికి నాకు ధైర్యం లేకపోయింది.

సాయంత్రం ఆ వ్యాసాల కట్ట మళ్ళీ అడిగి తీసుకుని ఆ అబ్బాయిది వెతికాను. అందరిలాగే రాశాడు. పెద్దలను గౌరవించాలి, తోటివారితో మర్యాదగా మెలగాలి. తల్లి ప్రసక్తి ఎక్కడా లేదు. అందరిలాగే ఎనిమిది వచ్చాయి.

కొట్టడం తప్పా కాదా అంటే తప్పే. అందులో నాకు సందేహం లేదు. వాడు క్షమాపణ చెప్పవలసిందే. కాని ఆ రోజు క్షమాపణ చెప్పవలసినవాళ్ళు ఇంకా వున్నారు. ఆ మాట అన్న పిల్లవాడు చెప్పాలి. అతనికంటె ముందు మేము చెప్పాలి. మేము ఎవరి ముందు చెప్పాలి? ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడి ముందు, వాడి తల్లి ముందు. మా స్టాఫ్ రూములో యీ ఆలోచన ఎవరి తలలోనూ మెదలలేదు. మెదిలివుంటే నవ్వుకునేవాళ్ళం. మన దగ్గర క్షమాపణ కూడా గౌరవం లాగే కిందినుంచి పైకి మాత్రమే పోయే వస్తువు.

ఈ సంగతి తరవాత ఒక మిత్రుడికి చెబితే, ఆయన వ్యాకరణం తీశాడు. ఆయన కూడా తెలుగువాడే మరి. "బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది – తెలుగులో క్రియ ఒకటే గదా! చిన్నయసూరే స్త్రీవాచకాన్ని ఏకవచనంలో అమహత్తుతో జత కట్టాడు. 'అది' అంటే తిట్టెట్లా అవుతుంది? పల్లెల్లో కూతుర్ని అది అనరా? పెళ్ళాన్ని అది అనరా? మన ఊళ్ళల్లో తాతను నువ్వు అంటాం, అవ్వను నువ్వు అంటాం. 'మీరు' అనేది చదువుకున్నవాళ్ళు పట్నం నుంచి మోసుకొచ్చిన సరుకు. సర్వనామాలను పట్టుకుని వర్గపోరాటం చేస్తావా?"

ఇందులో కొంత నిజం వుంది. ఎగతాళితో తోసేయడానికి వీల్లేనంత నిజం వుంది. తెలంగాణ పల్లెల్లో మనుమడు తాతను 'నువ్వు' అంటే అందులో తక్కువతనం యేమీ లేదు. ఇద్దరు స్నేహితులు 'ఒరేయ్' అనుకుంటే అందులో వున్నంత ఆప్యాయత 'తమరు'లో వుండదు. నిజానికి 'మీరు, తమరు' అంటూనే మనిషిని గడపలోకి రానివ్వనివాళ్ళను మనం ఎరుగుదుం. కనక మాటలోనే గౌరవమూ అగౌరవమూ వున్నాయనుకుంటే మనం పొరపాటు పడతాం. కాని నా మిత్రుడు చూడనిది ఒకటి వుంది. తాతను మనుమడు నువ్వంటాడు, మనుమణ్ణి తాత నువ్వంటాడు. 'ఒరేయ్' అన్నవాడు 'ఏంట్రా' అనిపించుకుంటాడు. ఆ మాట తిరిగి వస్తుంది. ఆ బడిలో ఆమెను అన్న 'నువ్వు' తిరిగి వచ్చే 'నువ్వు' కాదు. ఆమె ఒక్కరోజు హెడ్మాస్టరును "నువ్వు తాళంచెవి ఇచ్చినవా?" అని వుంటే ఆ రోజే ఆ పని పోయేది. చనువుకూ చులకనకూ వున్న తేడా యిదే. అదే మాట అవతలివాడు నన్ను అనవచ్చునా అని అడిగి చూస్తే తేలిపోతుంది. ఎల్లయ్యను ఎల్లిగాడని, మల్లయ్యను మల్లిగాడని పిలిచే దొర, తన పేరు చివర కూడా ఆ 'గాడు' తగిలించుకోవడానికి సిద్ధపడితే ఆ పిలుపు చనువే అని నేను ఒప్పుకుంటాను.

దీన్నిబట్టి చూస్తే పరస్పర గౌరవం అనేది ఒక మనిషిలో వుండే గుణం కాదు. నిజాయితీ, ధైర్యం వంటివి ఒక్క మనిషిలో వుండవచ్చు. నిర్జన ద్వీపంలో వున్నవాడికి కూడా ధైర్యం వుంటుంది. గౌరవం ఇద్దరి మధ్య వుండే ఏర్పాటు. పాఠాలు గుణాలను ఎంతోకొంత అలవాటు చెయ్యగలవేమో గాని, ఏర్పాటు మార్చకుండా ఏర్పాటును గురించి పాఠం చెబితే ఏమవుతుందో నా కట్టలోని వ్యాసాలే సాక్ష్యం. పిల్లలు తెలివితక్కువవాళ్ళు కారు. బడి రోజుకు ఏడెనిమిది గంటలు నడుస్తుంది, విలువల విద్య వారానికి నలభై అయిదు నిమిషాలు. ఏ పాఠాన్ని నమ్మాలో వాళ్ళకు తెలుసు. ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు గడప బయట నిలబడి మాట్లాడతారు, ఎవరి గ్లాసు వేరేగా వుంటుంది, తరగతి వూడ్చడానికి ఎవరి పేరు ముందు గుర్తుకు వస్తుంది – ఇవన్నీ పౌరనీతి పాఠాలే. వీటికి పరీక్ష వుండదు గనక అందరూ ఉత్తీర్ణులవుతారు.

పౌరశాస్త్రం అనే పాఠ్యాంశం పుట్టుక కూడా గుర్తుంచుకోదగ్గది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ప్రజల్లో ప్రభుత్వం పట్ల అవిధేయత పెరుగుతున్నప్పుడు, విధేయత నేర్పడానికి అది బడుల్లో ప్రవేశించిందని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే ఒప్పుకుంది. తెల్లవాడు పోయాక ఆ బుద్ధి పోయిందా అంటే, పాఠ్యపుస్తకాల్లో శ్రద్ధగా అచ్చువేసే ప్రాథమిక విధుల చరిత్ర చూడండి. అవి రాజ్యాంగంలో చేరింది 1976లో, 42వ సవరణతో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా. పౌరుల హక్కులకు తాళం వేసిన సమయంలోనే పౌరులకు విధులు గుర్తుకు తెచ్చారు. ఆ విధుల్లో మంచివి లేవని కాదు. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడిచిపెట్టాలన్నది వాటిలో ఒకటి. నేను దాన్ని తొమ్మిదో తరగతికి చెప్పాను. ఆ తరగతి కిటికీ అవతల బకెట్టు పట్టుకుని నడిచే స్త్రీని మాత్రం అది అంటున్నాం.

ఇక్కడ మనవాళ్ళే కొందరు అడ్డుపడతారు. "నువ్వు చెప్పేదంతా ఉపరితల వ్యవహారం. భూమి, కూలి, కులం మారకుండా బడిలో మర్యాదలు మార్చడం వల్ల ఒరిగేది లేదు. వ్యవస్థ మారితే అవే మారతాయి." ఈ మాట అన్న మిత్రుడు ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు వుంచుతాడని నాకు తెలుసు. వ్యవస్థ మారేదాకా గ్లాసు ఆగుతుందన్నమాట. అయితే మనిషిలోని లోపం చూపించి వాదాన్ని కొట్టేయడం న్యాయం కాదు, వాదానికి జవాబు చెప్పాలి. పరిస్థితులు మనుషుల్ని తయారుచేస్తాయన్నది నిజం. ఆ పరిస్థితులను మార్చేది కూడా మనుషులేననీ, నేర్పేవాడు ముందు తాను నేర్చుకోవాలనీ మార్క్సు 1845లోనే రాసుకున్నాడు, ఫోయర్‌బాఖ్ మీది మూడో సూత్రంలో. మన ఉపాధ్యాయులలో మార్క్సును చదివినవాళ్ళకు కొదవలేదు. ఆ సూత్రంలో చెప్పిన ఉపాధ్యాయుడు తానేనని అనుకున్నవాళ్ళు తక్కువ.

నేర్పేవాడు నేర్చుకోవడమంటే ఎట్లా వుంటుందో చూడాలంటే యానుష్ కోర్చాక్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన మార్క్సిస్టు కాడు, అయినా మనవాళ్ళు చదవాలి. పోలెండు వైద్యుడు, రచయిత. 1912 నుంచి వార్సాలో యూదు అనాథ పిల్లల గృహాన్ని నడిపాడు. అక్కడ పిల్లల న్యాయస్థానం ఒకటి వుండేది. న్యాయమూర్తులు పిల్లలే, ఆ వారం తమ మీద ఫిర్యాదు లేనివాళ్ళలో నుంచి చీట్లు వేసి ఎంచుకునేవారు. దానికొక శిక్షాస్మృతి. అందులో మొదటి తొంభైతొమ్మిది నిబంధనలూ క్షమించడానికే. నూరో నిబంధన దగ్గర గాని క్షమించడం లేదన్న మాట రాదు. ఇది వినడానికి ముద్దుగా వుంటుంది, అందువల్ల మనవాళ్ళు దీన్ని 'బాల పార్లమెంటు' లాగా వార్షికోత్సవంలో ఒక అంశంగా మార్చేయగలరు. అసలు సంగతి వేరే. ఆ కోర్టుకు పిల్లలు పెద్దలను కూడా ఈడ్చవచ్చు. కోర్చాక్ ఆరు నెలల్లో అయిదుసార్లు తనంతట తానే ఆ కోర్టు ముందు నిలబడ్డాడు. ఒక పిల్లవాడి చెవిమీద కొట్టినందుకు, ఒకణ్ణి పడకగది నుంచి గెంటినందుకు, ఒకణ్ణి మూల నిలబెట్టినందుకు, ఒక న్యాయమూర్తిని అవమానించినందుకు, ఒక ఆడపిల్ల దొంగతనం చేసిందని అనుమానించినందుకు. ఈ జాబితా ఆయనే రాసిపెట్టాడు. చూడండి, ఇవన్నీ మన బడుల్లో రోజూ జరిగేవే. ఆయన మనకంటె మంచివాడని యీ జాబితా చెప్పడం లేదు. ఆయన కూడా కొట్టాడు, అనుమానించాడు. తేడా యెక్కడ వుందంటే, అక్కడ తప్పుకు సమాధానం చెప్పే బాట రెండువైపులా తెరిచివుంది. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకాకు తరలించినప్పుడు, తప్పించుకునే అవకాశం వుండి కూడా ఆయన వాళ్ళతోనే వెళ్ళి వాళ్ళతోనే చనిపోయాడు. ఆ చావు గురించి చెప్పినంతగా ఆ కోర్టు గురించి చెప్పుకోరు. చావును పూజించవచ్చు, కోర్టు పెడితే మనమే బోనెక్కాలి.

మనవాళ్ళకు ఎక్కువగా తెలిసినవాడు మకరెంకో. 1920లో పోల్తావా దగ్గర నేరస్థులైన అనాథ కుర్రవాళ్ళ కాలనీ నడిపినవాడు. మనిషి నుంచి ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ గౌరవించినట్టు అన్నది ఆయన సిద్ధాంత సారం. ఆయన కూడా మొదట్లో ఒక కుర్రవాణ్ణి చెంపదెబ్బ కొట్టాడు, ఆ సంగతి దాచకుండా రాశాడు, అది పద్ధతి అని మాత్రం ఎక్కడా అనలేదు. మన అభ్యుదయ ఉపాధ్యాయులు కొందరు ఆ చెంపదెబ్బ గుర్తుపెట్టుకుని తక్కిన పుస్తకం మరిచిపోయారు.

బెత్తం సంగతి కొంతవరకు తేలింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో వుంది. అమలు ఎంత అన్నది వేరే మాట. కాని చట్టం పిల్లవాణ్ణి కాపాడగలదు, కాపాడడం వేరు, గౌరవించడం వేరు. కోడిపిల్లను గంప కింద కాపాడతాం. పిల్లవాడు చెప్పింది విని, అది సరైనదైతే మన మాట మార్చుకోవడం గౌరవం. అది చట్టంతో రాదు. ఆ ఉదయం అసెంబ్లీలో ఆ అబ్బాయిని ఎవరూ బెత్తంతో ముట్టుకోలేదు.

ఇంత చెప్పి నా మౌనం గురించి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ఆ రోజు నేను నోరు విప్పకపోవడానికి పిరికితనం ఒక కారణం. రెండో కారణం, నేను విద్యా వలంటీరును. నా గౌరవవేతనం – యీ మాటలోని గౌరవాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం – నెలలు గడిచినా వచ్చేది కాదు. వచ్చే ఏడు నేను వుండాలా వద్దా అన్నది నా చేతిలో లేదు. స్టాఫ్ రూములో నాకు కుర్చీ వుండేదిగాని, మాట వుండేది కాదు. పైవాళ్ళు నన్ను చూసినట్టే నేను కిందివాళ్ళను చూశాను. తన ఉద్యోగానికి భద్రత లేని ఉపాధ్యాయుడు పిల్లలకు సమానత్వం నేర్పాలనడం, నీళ్ళు లేని బావి దగ్గర చేద తళతళలాడాలనడం లాంటిది. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. నాకంటె తక్కువ భద్రత వున్న ఆ అబ్బాయి మౌనంగా వుండలేదు. కాకపోతే విలువల విద్య గురించి సర్క్యులర్లు రాసేవాళ్ళు కాంట్రాక్టు ఉద్యోగాల గురించి కూడా అదే కాగితం మీద రాయాలని నా వాదన. ఆ రెండూ ఒకే పాఠం.

ఇప్పుడు నేను కాలేజీలో వున్నాను. మా శాఖలో అటెండరు ఒకాయన, నాకంటె పదిహేనేళ్ళు పెద్ద. చేరిన కొత్తలో అందరిలాగే నేనూ ఆయన్ను పేరుపెట్టి, నువ్వు అనేవాణ్ణి. రెండేళ్ళ కింద ఒకరోజు గట్టిగా నిశ్చయించుకుని, "అన్నా, మీరు కూర్చోండి" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "ఏమైంది సార్, నామీద ఏమన్న కోపమా?" అన్నాడు. వివరంగా చెప్పాను. నన్ను తమ్ముడూ అని పిలవమన్నాను. నవ్వి, "మీరంటే సరిపాయె, ప్రిన్సిపాల్ సార్ ముందల నేనట్ల పిలిస్తే మీకే మాటొస్తది" అన్నాడు. ఆయన లెక్క సరిగానే వుంది. ఇప్పుడు నేను అన్నా అంటాను, ఆయన సార్ అంటాడు. గదిలో ఇంకెవరూ లేనప్పుడు ఒకటి రెండుసార్లు నా పేరు పెట్టి పిలిచాడు. ఇంకా కూర్చోడు.